వదిలిన జాగా

నీటిరంగుల్లో తెలుపు పూయం. వెలుగు ఉండాల్సిన చోట కాగితాన్ని ఖాళీగా వదిలేస్తాం. ఇన్నేళ్లుగా అడవులు గీసి నేను తెచ్చుకున్న పేరంతా ఆ వదలడంలోనే ఉంది.

చండ్రుగొండ దాటాక, అడవి అంచున, చిత్రకారులు కొన్నాళ్లుండి బొమ్మలు గీసుకునే ఆర్టిస్ట్ రెసిడెన్సీలో అది నా చివరి సాయంత్రం. ఎదుటి గుట్టను గీస్తూ దాని నడుమ గోరంత తెలుపు వదిలాను. నిజానికి అక్కడ ఏమీ లేదు. బొమ్మకు బాగుంటుందనిపించింది, అంతే.

చీకటి పడ్డాక తలెత్తి చూస్తే, గుట్ట మీద సరిగ్గా అక్కడే ఒక దీపం వెలుగుతోంది.

వంట చేసే సైదమ్మను వరండాలోకి పిలిచాను. "ఆ గుట్ట మీద ఎవరుంటారు?"

"ఎవరుంటరు మేడం? ఊరు లేదు, కరెంటు లేదు. పోడు సాగుకు అడవి కాల్చే కాలం గూడ కాదిది." ఆమె చూపు నా బొమ్మ మీద పడింది. "ఈడ తెల్లగ ఉందేంది?"

"వెలుగు కోసం జాగా వదిలాను."

"జాగా వదిలితే ఎవరో ఒకరు వస్తరు గద మేడం," అంది మెల్లగా, గుట్ట వైపు చేతులు జోడిస్తూ.

కీచురాళ్ల చప్పుడు ఆగిపోయింది. కుంచెను నల్లరంగులో ముంచాను. ఒక్క చుక్క చాలు. కానీ అంత అందమైన వెలుగును నా జన్మలో గీయలేదు. ఆర్పడానికి చెయ్యి రాలేదు.

అప్పుడు దీపం కదిలింది. నెమ్మదిగా కిందికి దిగసాగింది.

బొమ్మ వైపు చూశాను. ఆ గుట్ట నుంచి మా వరండా మెట్ల దాకా, అందం కోసమని, ఒక బాటను కూడా తెల్లగా వదిలి ఉంచాను.