చొక్కాకో కబురు

సంచి జిప్పు పట్టలేదు. అక్క దాని మీద ఎక్కి కూర్చుంది.

"అక్కా, లోపల అద్దముందే!"

"ఉండనీ. మూడు నెలలూ నీ మొహం నువ్వే చూసుకోవాలిగా అక్కడ."

చెల్లెలు నర్సు. కొండ మీది చిన్న నగరంలో, ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. మూడు నెలలు నిలబడితేనే ఖాయం చేస్తారట. ముందు వెళ్లిన ఇద్దరూ పదిహేను రోజులు తిరక్కుండానే దిగి వచ్చేశారు. తనూ దిగి వస్తే మళ్లీ బావగారింట్లో వంటింటి పక్క పరుపే గతి. అక్క ఏమీ అనదు. ఆ అనకపోవడమే చెల్లెల్ని ముల్లులా గుచ్చుతోంది.

గుమ్మంలో ఇస్త్రీ పెద్దమ్మ నిలబడింది, చేతుల మీద నర్సు యూనిఫాంలతో. ఆమె కొట్టు బస్సు డిపో పక్కన. వీళ్లింటికి రావడం అదే మొదటిసారి.

"కొండకా తల్లీ?"

"ఊఁ. మంచం మీద పెట్టి వెళ్లు పెద్దమ్మా, బస్సుకి టైమవుతోంది."

పెద్దమ్మ వెళ్లలేదు. యూనిఫాంలు పెట్టి, నేల మీద చతికిలబడి, సంచి విప్పేసింది.

"అయ్యయ్యో! గంట నుంచి కుస్తీ పట్టి మూశాం!" అంది అక్క.

"ఈ నూలు బట్టలు సగం తీసెయ్. ఉన్నివి పెట్టు. ఈ నున్నటి చెప్పులేంటి? మొదటి మెట్టు మీద కాలు పెడితే ఆఖరి మెట్టు మీద తేలతావ్."

నర్సు గడియారం చూసుకుంది.

"ముందు మూడు రోజులు మెల్లగా నడువు. ముసలోళ్లు కూడా నిన్ను దాటిపోతారు. పోనీ, సిగ్గుపడకు. ఎవరైనా 'ఇదిగో, పక్కనే' అన్నారంటే రెండొందల మెట్లని లెక్క."

అక్క పకపకా నవ్వింది.

"లోయ వైపు గది చూపిస్తారు. కిటికీ చూసి పడిపోకు. మూడింటికల్లా మబ్బు చుట్టంలా లోపలికొచ్చి కూర్చుంటుంది, దుప్పట్లన్నీ చెమ్మ. ఎండ తగిలే గది అడుగు."

"ఇంకా ఉందా పెద్దమ్మా నీ పురాణం?"

"ఉంది. అక్కడివాళ్లు ముందుగా పలకరించరు. పొగరనుకోకు, అది మెట్లెక్కిన ఆయాసం. నువ్వే అడుగు. 'బాగున్నారా' అంటే ఊఁ అని పోతారు. 'మీ పొయ్యి ఎలా మండుతోంది' అను, గంటసేపు వదలరు. ఇంకోటి. దగ్గొస్తే, నేనే నర్సుని కదా అని ఊరుకోకు. డాక్టరుకి చూపించుకో. చూపించుకుంటావా?"

"చూపించుకుంటాలే!" అని విసుక్కుంది నర్సు.

"ఎన్నేళ్లున్నావు పెద్దమ్మా అక్కడ?" అడిగింది అక్క.

పెద్దమ్మ వినిపించుకోనట్టు జిప్పు లాగింది. ఈసారి సులువుగా పట్టింది.

"వెళ్లాక ఒక్క ఉత్తరం ముక్క రాయి తల్లీ. గది ఎలా ఉందో, అంతే."

"అక్కకి ఫోన్ చేస్తాలే."

పెద్దమ్మ తలూపి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

కొండ మీద ఇంటామె మొదట లోయ వైపు గదే చూపించింది. కిటికీలో ప్రపంచమంతా ఉంది. నర్సు కళ్లు గట్టిగా మూసుకుని ఎండ తగిలే రెండో గది అడిగింది.

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అని ఇంటామె ఆశ్చర్యపోయింది.

పదో రోజుకి ఏడుపు ముంచుకొచ్చింది. ఆసుపత్రిలో పని తప్ప మాట లేదు. గదిలో గోడలు తప్ప మనిషి లేడు. సంచి తీసి, రెండు జతలు సర్దింది కూడా. నీళ్లు తెచ్చుకుందామని బయటికొస్తే పక్కింటావిడ కట్టెలు మోసుకుంటూ తలొంచుకుని పోతోంది.

"మీ పొయ్యి ఎలా మండుతోందండీ?"

ఆవిడ ఠక్కున ఆగింది. కట్టెల మోపు దించింది.

"ఎందుకడుగుతావులే! మంట తక్కువ, పొగెక్కువ. మా ఆయనలాగే!"

గంట గడిచింది. నర్సు వాళ్లింట్లో పొయ్యి ముందు కూర్చుని కడుపారా తింది, కడుపుబ్బ నవ్వింది. తిరిగొచ్చి సంచిలో బట్టలు మళ్లీ కొక్కేలకు తగిలించింది.

మూడు నెలలు గడిచాయి. ఉద్యోగం ఖాయమైంది. పెద్దమ్మకు ఉత్తరం రాయాలని రోజూ అనుకునేది. రేపు, ఎల్లుండి, ఆదివారం... రాయనే లేదు.

మొదటి సెలవుకి దిగుతూ ఉన్ని శాలువా ఒకటి కొని, బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది.

"ఎవరికమ్మా శాలువా?"

"మీ డిపో పక్కన ఇస్త్రీ పెద్దమ్మకి. ఆవిడది ఈ కొండ మీది ఊరే కదా, ఏ వీధో అడగడం మర్చిపోయాను."

డ్రైవరు గేరు మార్చాడు.

"పెద్దమ్మ పోయిందమ్మా. సోమవారానికి నెల."

బస్సు రెండు మలుపులు తిరిగింది. నర్సు శాలువాను ఒళ్లోకి లాక్కుంది.

"ఆవిడది ఈ ఊరు కాదు. అసలీ ఊరు చూడనే లేదు. ఏడాదికోసారి ఈ బస్సెక్కేది. కొండ మొదలవగానే ఆపమని దిగిపోయేది."

"మరి అన్నీ ఎలా తెలుసు? మెట్లు, మబ్బు, పొయ్యి..."

"మా డ్రైవర్ల చొక్కాలన్నీ ఆవిడే ఇస్త్రీ చేసేది. చొక్కా చేతికివ్వాలంటే కొండ మీది కబురొకటి చెప్పాలి. పాతది చెబితే ఒప్పుకునేది కాదమ్మా, కొత్తదే కావాలి. ఆ పొయ్యి సంగతి నేను చెప్పిందే."

"ఎందుకలా?"

డ్రైవరు ఎదురొచ్చే లారీకి దారిచ్చి, అది పోయేదాకా ఆగాడు. తర్వాత చెప్పాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట, పెద్దమ్మ నూలు బట్టలు సర్ది పంపితే టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగానికని కొండెక్కిన ఆమె చెల్లెలు, మొదటి మంచు కురిసిన వారంలో దగ్గుతో పడకేసి, మరి తిరిగి రాలేదు.