సీటు కింది సంచి

“ఇవాళ నువ్వు ఎగరొద్దు,” అన్నాడు చాదస్తం, గడ్డి మీద పరిచిన పారాగ్లైడర్ రెక్కకు అడ్డంగా వచ్చి నిలబడి.

హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్న డేగ చేతులు ఆగిపోయాయి. ఆ పారాగ్లైడింగ్ కొండ మీద ఇద్దరి అసలు పేర్లూ ఎప్పుడో మరుగున పడ్డాయి. మనుషుల్ని ముందు కూర్చోబెట్టుకుని ఎగరడంలో ఇతన్ని మించినవాడు లేడని ఇతనికి డేగ అని పేరు పెట్టారు. ఎగిరే ముందు తన బకిళ్లు మూడుసార్లు, పక్కవాడి బకిళ్లు రెండుసార్లు తడిమి చూస్తాడని ఆయనకి చాదస్తం అని పెట్టారు.

“ఎందుకెగరకూడదో?”

“నీ రిజర్వ్ పారాచూట్ సంచి తేడాగా ఉంది. పొద్దున షెడ్డు ఊడుస్తూ నీ సీటు పక్కకి జరిపాను. పారాచూట్ అయితే నొక్కగానే లోపల జారుతుంది. ఇది దిండులా ఉంది. ఒక్కసారి విప్పి చూసుకో.”

డేగ కళ్లు చిన్నవయ్యాయి. షెడ్డు ఊడ్చడమట! ఎవరూ లేని వేళ తన సీటు దగ్గర ఈయనకేం పని?

పోయిన వారం సంగతి ఇంకా ముల్లులా గుచ్చుతూనే ఉంది. గాలిలో ఇద్దరూ ఎదురుపడ్డారు. కొండ ఎవరి కుడిచేతి వైపు ఉంటే దారి వాళ్లది, ఎదుటివాడు తొలగాలి. తొలగాల్సిన డేగ తొలగలేదు. కిందికి దిగాక అందరూ వింటుండగా చాదస్తం, “ఆకాశం నీ అబ్బ సొత్తు కాదు నాయనా,” అన్నాడు.

ఆ కక్షే ఇది.

“నాన్నా, ఏమంటున్నారు పెదనాన్న?” రెక్కకు తగిలించిన పట్టీల్లో నిలబడి కూతురు అడిగింది. రెండేళ్లు బతిమాలి, చివరికి వాళ్లమ్మ చేత ఊ అనిపించుకుని, మొదటిసారి కొండెక్కింది. రేపు పొద్దున్నే హాస్టల్‌కి వెళ్లిపోతుంది. ఇంకో గంట దాటితే గాలి మొండికేస్తుంది. గాలిలో రెక్క ముడుచుకుపోతే ప్రాణం కాపాడే ఆ రిజర్వ్ విప్పితే మళ్లీ మడిచి సర్దడానికి పూట పడుతుంది.

అదన్నమాట కిటుకు, అనుకున్నాడు డేగ.

“ఏం లేదమ్మా. మన గాలి మీ పెదనాన్నకి కావాలట.”

“నాకెందుకు గాలి? నేనివాళ ఎగరడం లేదు. నా రెక్క మూట కింద షెడ్డులోనే ఉంది.”

డేగ అనుమానం తగ్గకపోగా రెట్టింపైంది. ఎగరనివాడు మోకాళ్ల నొప్పులతో ఇంత కొండ ఎందుకెక్కినట్టు?

“సంచిలో ఏం చేశావు?”

“చెయ్యి వేశాను. అంతే.”

“ఏమీ చెయ్యకుండానే లోపల తేడా ఉందని తెలిసిపోయిందా?”

“చెయ్యి వేస్తే తెలిసింది.”

వెనక వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. “అన్నా, నా మేజోళ్లు కూడా చూపించనా ఆయనకి?” అన్నాడొకడు.

డేగ జేబులోంచి కార్డు తీసి చాదస్తం ముక్కు ముందు ఆడించాడు. “ఆర్నెల్లకోసారి విప్పి ఆరెయ్యాలి. ఇదిగో తేదీ! పోయిన వానలకి తడిస్తే నేనే విప్పి మేడ మీద గదిలో ఆరేశాను. ఆ రోజే తేదీ వేశాను. నా సామాను ఇంకొకడి చేతికిచ్చే అలవాటు లేదు నాకు. ఇవ్వకపోయినా చెయ్యేసేవాళ్లుంటారనుకో.”

చాదస్తం పక్కకి తొలగలేదు.

“విప్పేద్దాం నాన్నా,” అంది కూతురు. “నేను వచ్చే సెలవులకి ఎగురుతాలే.”

ఆ మాట డేగకి చెంపదెబ్బలా తగిలింది. కన్నకూతురు కూడా ఆయన వైపే.

“సరే. అందరూ చూడండి. లోపల నా పసుప్పచ్చ పారాచూట్ ఉందా, ఈ పెద్దమనిషి నా కూతురికి క్షమాపణ చెప్పి కొండ దిగాలి. మళ్లీ ఎక్కకూడదు.”

“అలాగే దిగుతాను,” అన్నాడు చాదస్తం. “ఉండాలనే నా కోరిక.”

డేగ వంగి, గడ్డి మీదున్న తన సీటు పక్కనున్న ఎర్రటి పిడి పట్టుకుని ఒక్క లాగు లాగి విసిరాడు. లోపలి సంచి నాలుగడుగుల దూరంలో పడి విచ్చుకుంది. అందులోంచి నీలం పువ్వుల మందపాటి దుప్పటి ఒకటి బద్ధకంగా జారి గడ్డి మీద పరుచుకుంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. డేగ చూపు దుప్పటి మీదినుంచి లోయ మీదికి పోయింది. అక్కడినుంచి కూతురి మీదికి. ఒళ్లు చల్లబడింది. పై క్షణంలోనే భగ్గున మండింది. ఒక్క దూకున వెళ్లి చాదస్తం కాలరు పట్టుకున్నాడు.

“దొంగా! నా పారాచూట్ ఎత్తుకుపోయి గుడ్డలు కుక్కుతావా? నా బిడ్డ ఎక్కే రోజు చూసి మరీ!”

చాదస్తం కాలరు విడిపించుకోలేదు. ఊపిరాడక ముఖం ఎర్రబడుతున్నా, వేలెత్తి అమ్మాయి వైపు చూపించాడు.

“ముందు పిల్లని రెక్కనుంచి విప్పు. గాలి లేస్తోంది. తర్వాత కొడుదువుగాని.”

డేగ పట్టు వదల్లేదు. కూతురే కొక్కేలు తీసుకుని, వచ్చి దుప్పటి దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. ఒక మూల ఎత్తి, అక్కడ ఇస్త్రీ పెట్టె కాల్చిన గోధుమరంగు మచ్చని వేలితో తడిమింది.

“ఆయన్ని వదులు నాన్నా, ఇది మన దుప్పటే,” అంది తల ఎత్తకుండా. “ఖాళీ సంచి కనిపించి అమ్మే ఇందులో మడిచి పెట్టి ఉంటుంది, నువ్వు విప్పి చూడకుండానే సీటు కింద పెట్టేసి ఉంటావు. మేడ మీద గదిలో పాత బీరువాకి దుమ్ము పట్టకుండా అమ్మ ఒక పసుపు గుడ్డ కప్పింది. దానికి అన్నేసి తాళ్లెందుకున్నాయా అని మేమిద్దరం ఇన్నాళ్లూ నవ్వుకుంటున్నాం.”