మూడో పేజీలో పావు భాగం

మంగళవారం మధ్యాహ్నం పన్నెండుంబావుకి సలాలా అనే అరబ్బు ఊరి పత్రిక మూడో పేజీలో పావు భాగం అమ్ముడుపోయింది. కొన్నది షేక్ మబ్‌ఖూత్. అమ్మింది వజ్దీ.

వజ్దీది ఈజిప్టులోని తంతా. పత్రికకి ప్రకటనలు తెచ్చిపెట్టే ఆఫీసులో పని. ఆ పొద్దున మేనేజరు బస్సాం అతన్ని పిలిచి, మూడో పేజీ నమూనాలో తెల్లగా ఉన్న గడి మీద వేలు పెట్టాడు.

"ఒంటిగంటకి పేజీ మూసేస్తాను. ఈలోగా ఇది నింపు. సాయంత్రం నీ పాస్‌పోర్టు నీ చేతిలో ఉంటుంది."

"నింపలేకపోతే?"

"కూతురి నిశ్చితార్థం ఫోన్లో చూసుకో."

పాస్‌పోర్టు బస్సాం బీరువాలో ఉంది. నిశ్చితార్థం శుక్రవారం.

పత్రికలో అచ్చయిన నంబరుకి మబ్‌ఖూత్ ఫోన్ చేసింది ఆ తర్వాతే. ఎవరో పనివాడి గురించి నోటీసు వెయ్యాలన్నాడు. బయట వానాకాలపు తుంపర పడుతోంది. వజ్దీ తడుస్తూనే బయల్దేరాడు.

మబ్‌ఖూత్ దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. వారం క్రితం శుక్లాల ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకున్నాడు. కాఫీ గిన్నె కోసం చేత్తో తడుముకున్నాడు.

"ఎవరు బాబూ నువ్వు?"

"పత్రిక ప్రకటనల వాణ్ణి, షేక్ గారూ. నదా వాళ్ళ నాన్నని, అబూ నదా అంటారు."

"నదా అంటే పెద్దమ్మాయా?"

"ఒక్కతే."

"చల్లగా ఉండాలి. ఖర్జూరం తిను. ఇదిగో, ఈ నోటీసు సంగతి నాకు బొత్తిగా తెలీదు. 'ఈ మనిషి ఇక మా దగ్గర పనిచెయ్యడం లేదు, ఇతనితో ఎవరూ లావాదేవీలు పెట్టుకోవద్దు' అని వేస్తారటగా. అది వెయ్యమని ఖమీస్ చెప్పాడు."

"ఖమీస్ ఎవరు?"

"నా లైసెన్సుల కాగితాలు చూసేవాడు. నా పేరు మీద బోలెడు వ్యాపారాలున్నాయి బాబూ. క్షౌరశాల, కార్లు కడిగేది, దర్జీ కొట్టు, ఇంకేవో. ఎవరెవరో నడుపుకుంటారు. ఒక్కదాని గడపా నేను తొక్కలేదు. ఖమీస్ కాగితం తెస్తాడు, నేను సంతకం పెడతాను."

"ఊరంతా అంతేగా. మా ఆఫీసూ నా వీసా ఎవరో కఫీల్ పేరు మీదే. కాగితాలన్నీ మేనేజరు దగ్గరే, నాకు ఆయన పేరూ తెలీదు, ముఖమూ చూడలేదు."

"చూసి ఏం చేస్తావు? నాలాంటి ముసలాడే అయ్యుంటాడు."

ఇద్దరూ నవ్వారు.

"ఇంతకీ తీసేస్తున్నది ఎవర్ని?" అన్నాడు వజ్దీ.

"పేరూ ఫోటో ఖమీస్ ఫోన్‌కి పంపాడు. నా కళ్ళకి అన్నీ మరకలే. పనిలో చురుకు తగ్గిందట, అంతే చెప్పాడు."

"అయితే క్షౌరశాల రఫీకే. పోయిన వారం నా చెవి కోశాడు."

మబ్‌ఖూత్ నవ్వలేదు. "రఫీకా? పండగ పండక్కీ తేనె పంపేవాడు. సొంతూళ్ళో పిల్లలున్నారన్నాడు. వద్దులే బాబూ, ఫోటో లేకుండా ఓ మూల చిన్నగా వేసెయ్."

చిన్నగా వేస్తే గడి నిండదు. వజ్దీ గడియారం చూసుకున్నాడు.

"షేక్ గారూ, ఫోటో లేని నోటీసు ఎవరు చదువుతారు? రేపు అతను మీ పేరు చెప్పి ఎక్కడో అప్పు చేస్తే మీరు కట్టుకోవాలి. పావు పేజీ తీసుకోండి. ముఖం ఇంత కనపడాలి. వెబ్‌సైటు, ఫేస్‌బుక్ అందులోనే కలిపి ఇస్తాను."

"ఫేస్‌బుక్కులో ఎవరు చూస్తారు?"

"ఎవరు చూడరు? మా కాబోయే వియ్యంకుడు తంతాలో కూర్చుని రోజూ మా పేజీ తిరగేస్తాడు. మా వియ్యంకుడి పత్రిక అని చుట్టాలందరికీ పంపిస్తాడు."

"అంటే ఆ పనివాడి సొంతూళ్ళో కూడా చూస్తారా?"

"చూస్తారు."

"దొంగ అనుకోరూ?"

వజ్దీ ఖర్జూరపు గింజని పళ్ళెం అంచున పెట్టాడు. రఫీక్ అతనికి అరువు మీద క్షవరం చేసేవాడు. చెవి కోసిన రోజు డబ్బే తీసుకోలేదు.

"అనుకుంటే అనుకోనివ్వండి. మీ జాగ్రత్త మీరు చూసుకోవాలి."

"నువ్వైతే వేస్తావా బాబూ?"

"వేస్తాను. ఫోటోతోనే వేస్తాను."

మబ్‌ఖూత్ కాసేపు తస్బీ పూసలు తిప్పాడు. "నీకు తెలిసిన పని. నువ్వు చెప్పినట్టే కానీ" అని చెయ్యి చాపాడు. వజ్దీ ఆ వేళ్ళ మధ్య కలం ఉంచి, సంతకం పెట్టాల్సిన చోటికి చెయ్యి జరిపాడు.

అప్పుడు టైము పన్నెండుంబావు. వజ్దీ వరండాలోకి వెళ్ళి బస్సాంకి ఫోన్ చేశాడు.

"పావు పేజీ అయిపోయింది. వెబ్‌సైటు, ఫేస్‌బుక్కుతో కలిపి."

"ఎవరిది?"

"షేక్ మబ్‌ఖూత్ గారి నోటీసు. పనివాణ్ణి తీసేస్తున్నారు."

బస్సాం గొంతు తగ్గించాడు.

"నువ్వే మాట్లాడి ఒప్పించావా?"

"నేనే. ఫోటో వద్దంటే కూడా ఒప్పించాను."

"సంతకం అయిందా?"

"అయింది."

"సరే. పాస్‌పోర్టు టేబుల్ మీద పెడతాను. వచ్చి తీసుకో."

వజ్దీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. శుక్రవారానికి తంతాలో ఉంటాడు. కట్టుకోడానికి మంచి టై లేదు. పోయిన వారం కొత్త గుర్తింపు కార్డులకని బస్సాం స్టూడియోకి పంపినప్పుడు, అక్కడివాళ్ళ నీలం టై అడిగి కట్టుకుని ఫోటో దిగాడు. ఆ కార్డు ఇంకా రాలేదు. వెళ్ళేముందు రఫీక్ అరువు తీర్చెయ్యాలి. ఈ నోటీసు తెచ్చింది ఎవరో అతనికి తెలియకూడదు.

లోపలికి వచ్చేసరికి మబ్‌ఖూత్ ఫోన్ పట్టుకుని ఉన్నాడు.

"ఇదిగో, ఖమీస్ పంపింది ఇందులోనే ఉంది. నువ్వే తీసుకో."

"ఇవ్వండి, మీ ఎదురుగానే వెబ్‌సైటులో పెట్టేస్తాను."

వజ్దీ ఫోన్ తీసుకుని ఖమీస్ సందేశం తెరిచాడు.

ఫోటోలో మనిషి నీలం టై కట్టుకున్న వజ్దీ.