వాచీ వెనక వైపు

"టైమెంతైంది బాబూ?"

పక్కన కూర్చున్న ముసలాయన అడిగేసరికి యుగంధర్ చొక్కా చెయ్యి మణికట్టు మీదకి లాక్కున్నాడు.

"తెలీదు," అన్నాడు.

లక్షల వాచీ చేతికి కట్టుకుని టైము తెలీదన్నాడు.

విజయనగరం బస్టాండు కాంప్లెక్సు ఎదురుగా దానమ్మ టీకొట్టు. కూర్చుంటే అతని కాళ్లు ఊగుతున్నాయి, నిలబడితే కళ్లు రోడ్డు మీదకి పోతున్నాయి. విశాఖ నుంచి మురళీమోహన్ రావాలి. వచ్చి ఈ వాచీ కొనాలి.

కొనకపోతే కొత్తవలస దగ్గర జీడితోట పోయినట్టే.

తోట అతని భార్య ఈశ్వరిది, పుట్టింటివాళ్లిచ్చింది. భూమి నడుస్తుంది, ఇలాంటి వాచీ పరిగెడుతుంది, ఏడాది తిరిగేసరికి రెట్టింపని ఫోన్లో వీడియోలో ఎవడో కోటు వేసుకున్నవాడు చెబితే నమ్మాడు. ఆమెని ఒప్పించి తోట అమ్మించాడు. ఆ డబ్బుతో విశాఖలో పాతవాచీల షాపులో దీన్ని కొని, బీరువాలో పట్టుచీరల మధ్య దాచాడు.

అమ్మబోతే తెలిసింది దాని పరుగెంతో. పెట్టె ఏది, కాగితాలేవి అని అడిగినవాళ్లే గానీ సగం ధరకైనా వచ్చినవాడు లేడు. సలహా చెప్పినవాడి కోటు మాత్రం నలగలేదు.

తోట కొన్న అప్పలసూరి చెడ్డవాడు కాదు. ఇచ్చిన డబ్బు తిరిగి చేతిలో పెడితే తోట మళ్లీ రాసిచ్చేస్తానన్నాడు. ఈ వారం దాటితే మాత్రం చెట్లు కొట్టించి ప్లాట్లు వేసేస్తానన్నాడు. ఈశ్వరి మొగుడితో మాట్లాడటం ఎప్పుడో మానేసింది. జీడిపిక్కలు రాలే కాలంలో వెళ్లి కంచె బయట నిలబడి వస్తోంది.

ఆఖరికి మురళీమోహన్ ఒక్కడు దొరికాడు. పాతవాచీలు పోగేసే పిచ్చి ఉన్నవాడు. ముందూ వెనకా ఫొటోలు తీయించుకుని చూసి, అడిగిన ధర ఇస్తానన్నాడు. ఇంకొకరిని కూడా రమ్మన్నానని, వాళ్లు చూసి ఔనంటే చాలని చెప్పాడు.

ఆ చూసే పెద్దమనిషి ఏ కారులోంచి దిగుతాడో అని యుగంధర్ చూపు.

ఆయన వంక పెట్టకూడదని నిన్న ఒక పని కూడా చేశాడు. వాచీ వెనక ఎవరో ఆడమనిషి పేరుండేది, స్టీలు గిన్నెల మీద కొట్టించినట్టు చుక్కల అక్షరాలతో. లక్ష్మణమ్మ. ఇంత ఖరీదైన వస్తువు మీద ఈ గిన్నె రాతలేమిటని, గంటస్తంభం దగ్గర మెరుగు పెట్టేవాడి చేత శుభ్రంగా అరగదీయించేశాడు.

టీ అందుకోబోతే చొక్కా చెయ్యి పైకి జరిగింది.

ముసలాయన చూపు అక్కడే ఆగిపోయింది. ఉప్పుగాలికి మాడిన మొహం, మాసిన పంచె, చేతిసంచీలోంచి ఎండుచేపల వాసన.

"ఆ వాచీ ఓపాలి ఎనక్కి తిప్పి సూపిస్తావేటి బాబూ?"

"ఏటి, కొంటావేటి?" అదే యాసలో వెక్కిరించాడు యుగంధర్.

బెంచీ మీదవాళ్లు నవ్వారు. ముసలాయనా నవ్వాడు.

"కొనీదానికి కాదు. సూసీదానికే."

యుగంధర్ మొహం తిప్పుకున్నాడు. ముసలాయన కదల్లేదు. పోనీ, ఈ చేపల కంపైనా వదులుతుందని వాచీ విప్పి, తన చేతిలోనే పట్టుకుని వెనక్కి తిప్పాడు.

"సూడు. నీ మొకం అగుపడతాది."

ముసలాయన వంగి చూశాడు. బొటనవేలితో మెల్లిగా అటూ ఇటూ తడిమాడు. నున్నగా ఉంది.

"ఇది కాదులే బాబూ."

సంచీ తీసుకుని కాంప్లెక్సులోకి వెళ్లిపోయాడు.

యుగంధర్ రుమాలు తీసి ఆ వేలిముద్ర తుడిచేశాడు.

కాసేపటికి మురళీమోహన్ ఆటో దిగాడు. కూర్చోకుండానే వాచీ అందుకుని వెనక్కి తిప్పాడు.

"పేరేది?"

"బాగోలేదని తీయించేశాను సార్. కొత్తదానిలా లేదా?"

మురళీమోహన్ ఆ మెరుపుని వెలుతురుకి పెట్టి చూశాడు. తర్వాత నిదానంగా చెప్పాడు. ఇలాంటి వాచీలు ఎన్నో ఉన్నాయి, ఆ పేరున్నది ఒక్కటే. ఎప్పుడో తుఫానులో ఓడ దెబ్బతింటే, పూసపాటిరేగ అవతల గంగులు అనే జాలరి పడవేసుకుపోయి అందులోవాళ్లని ఒడ్డుకి చేర్చాడట. ఓడ కెప్టెను తన చేతి వాచీ విప్పి అతని చేతికి కట్టాడట. గంగులుకి దాని ఖరీదేం తెలుసు? ఇంట్లో గిన్నెలతోపాటు దాని మీదా పేరు కొట్టించేశాడట.

"కాగితాలు లేని వాచీకి ఆ పేరే కాగితం. సరే, పేరు పోయినా మనిషైనా ఉన్నాడు. ఆయన్నే రమ్మన్నాను. నేను వచ్చేదాకా ఎవరితో ఏమీ అనొద్దని, ఊరికే చూడమని చెప్పాను. తనంతట తాను నాదే అంటే చాలు, డబ్బు ఇచ్చేస్తాను. ఇంకా రాలేదా?"

యుగంధర్ బెంచీ వైపు చూశాడు. ఖాళీ టీగ్లాసు ఉంది.

లేచి కాంప్లెక్సులోకి పరిగెత్తాడు. పూసపాటిరేగ బస్సు ఇప్పుడే పోయిందన్నారు.

రొప్పుతూ తిరిగొచ్చేసరికి మురళీమోహన్ ఫోను చేసి స్పీకరు పెట్టాడు. బస్సు మోతలోంచి ఆ గొంతు వినిపించింది.

"వాచీ చూశారా గంగులు గారూ?"

"సూసినాను బాబూ. అది నాది కాదు."

మురళీమోహన్ వాచీని బల్ల మీద పెట్టేశాడు.

"డబ్బుకి రాలేదు బాబూ నాను," అంది ఫోనులో గొంతు. "మా ఇంటిదాని మందులకే ఆ వాచీ అమ్మీసినాను. అది బతకలేదు, దాని ఫొటో అయినా లేదు. లక్ష్మణమ్మ అన్న పేరు మీద ఓపాలి సెయ్యేసి పోదామని వొచ్చినాను."