నోరు మెదపని పరీక్ష

“అత్తయ్యా, మీ మనసులో ఏది అనిపిస్తే అది పైకి అనెయ్యండి. నేను మాత్రం మధ్యలో నోరు మెదపకూడదు. మెదిపితే పరీక్ష చెల్లదంటారు మా ప్రొఫెసర్.”

మనుషులు కంప్యూటర్లతో ఎలా నెట్టుకొస్తారో అన్నదాని మీద ఎమ్మెస్ చదువుతున్న కోడలు, ఫోను అత్తగారి చేతిలో పెట్టి రికార్డరు నొక్కింది. పెద్దవాళ్లకు మందుల వేళ గుర్తుచేసే యాప్ అది. కోడలే తయారుచేసింది. డిగ్రీ చేతికి రావాలంటే దాన్ని ఒక పెద్దావిడ వాడుతుంటే పక్కన కూర్చుని చూడాలి.

“ఏమన్నా అనొచ్చా?”

“ఏమైనా!”

అత్తగారు కళ్లజోడు సర్దుకుంది.

“అక్షరాలు చీమ తలకాయల్లా ఉన్నాయి. ముసలివాళ్ల కోసమట! ఇదేదో నొక్కాను. ‘మీరు తప్పు చేశారు’ అంటోంది. ఏం తప్పో చెప్పదు. అచ్చం నా కోడలే.”

కోడలు నోరు తెరిచి, రికార్డరు వైపు చూసి మూసుకుంది.

“మళ్లీ నొక్కాను. మళ్లీ నాదే తప్పట. మొన్న కొత్త స్టవ్వు వెలగకపోతే కూడా ఇంతే, ‘ఎన్నిసార్లు చెప్పాలి మీకు’ అని గయ్యిమంది. ఇదుగో, ఇప్పుడు ఊరికే గుండ్రంగా తిరుగుతోంది, ఉలకదు పలకదు. ఇది మా అబ్బాయి.”

కోడలు పెదవి కొరుక్కుంటూ చివరిదాకా విన్నది. ఆఖరి ప్రశ్న అడిగేటప్పటికి ఆమె గొంతు తగ్గింది.

“ఇందులో ఏం మార్చమంటారు అత్తయ్యా?”

“ఏమీ మార్చకు తల్లీ. ఈ ఇంట్లో నా మాటకి ఎవరూ అడ్డురానిది ఇవాళే. ఇది బాగుపడిందంటే నీ పరీక్షలు అయిపోతాయి.”