మార్చిన పేర్లు

జాబ్రియాలో ఓ అరబ్బు ఇంట్లో పనిచేసే జీనత్‌ను, ఓ శుక్రవారం బజారులో బ్రిటన్ విలేఖరి క్లేర్ కలిసింది. ఆ ఇంట్లో జీనత్‌తో పాటు పనిచేసిన అమ్మాయి మిద్దె మీంచి ఎలా పడిపోయిందని అడిగింది.

"నా పేరు యాడా రాయగాకండి మేడం," అంటూ జీనత్ చూసిందంతా చెప్పేసింది.

క్లేర్ మాట తప్పలేదు. పేర్లన్నీ మార్చి నవల రాసింది. దానికి పెద్ద బహుమతి వచ్చింది. విలేఖరి ఉద్యోగం మానేసి నవలా రచయిత్రిగా స్థిరపడింది.

ఆ నవల జీనత్ 'మామా' అని పిలిచే యజమానురాలి చేతికీ వచ్చింది. చదవడం పూర్తికాగానే ఆమె జీనత్‌ను మిద్దె మీదికి పిలిచింది.

"ఎంత బాగా రాసిందో! ఆ పిల్ల నా చేతులు పట్టుకుని బతిమాలిందని కూడా రాసింది," అంది మామా, తలుపు గడియ పెడుతూ. "ఆ రోజు ఇక్కడ మనం ముగ్గురమే కదా, జీనత్?"