పుష్పకుమారి సాక్ష్యం

డిగ్రీలో జీపీఏ పదికి ఐదే ఎందుకొచ్చిందో ఎంబీయే దరఖాస్తులో వివరించమంటే, తల్లి పుష్పకుమారికి రెండేళ్ళు గుండెజబ్బని అబద్ధం రాసేశాడు జాక్సన్. సిఫారసు ఉత్తరం కోసం దాన్ని పాస్టరుగారికి చూపించాడు.

ఆదివారం కూర్మన్నపాలెం చర్చిలో పాస్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ, "పుష్పమ్మా, ఆ గుండెజబ్బు నుంచి ప్రభువు నిన్నెలా లేపాడో సాక్ష్యం చెప్పు" అన్నారు. ఉత్తరం మీద ఆయన సంతకం ఇంకా కాలేదు.

పుష్పకుమారి తెల్లబోయి మగవాళ్ళ వరసకేసి చూసింది. జాక్సన్ తల దించుకున్నాడు. ఆవిడకి అర్థమైపోయింది. మైకు అందుకుంది.

"ఇప్పుడు బాగానే ఉన్నానండి. కానీ ఇంకో ఏడాది పొయ్యికాడికి ఎల్లొద్దన్నారు డాట్రుగారు. రోజూ వంట నానే సేత్తానని మా జాక్సన్ ప్రభువుకి మాటిచ్చాడండి!"

సంఘమంతా "ఆమేన్" అంది.

జాక్సన్ ఆమేన్ కాస్త ఆలస్యంగా వినబడింది.